ఉక్కు సీమకు పోయి వూట్జ్ అయిన ముచ్చట

ఇంగ్లీషు నిఘంటువు చివరి పేజీల్లో, డబ్ల్యూ అక్షరం కింద, ‘వూట్జ్’ అని ఒక మాట ఉంటుంది. ఎప్పుడైనా చూశారా? చూడకపోయినా ఫర్వాలేదు, ఇంగ్లీషు పుట్టింటివాళ్ళలోనే చాలామందికి అది తెలియదు. కత్తుల మీద మోజున్నవాళ్ళు, లోహశాస్త్రం చదివినవాళ్ళు మాత్రం ఆ మాట వినగానే చెవులు రిక్కిస్తారు. మనుషులు చేసిన మేలిరకం ఉక్కుల్లో అదొకటని వాళ్ళ లెక్క. ఈ పూట మనం చెప్పుకునేది ఆ మాట పుట్టుక గురించి. లండన్లో మొదలుపెట్టి బయ్యారం దాకా రావాలి. దారిలో బొంబాయి, ఇస్ఫహాన్, కోనసముద్రం తగులుతాయి. కాస్త తీరిగ్గా కూర్చోండి.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట చెప్పమంటే మనవాళ్ళు ముందు చెప్పేది పందికొక్కు. నిజమే, ఇంగ్లీషులోని ‘బాండికూట్’ మన పందికొక్కే. గాదెల కింద బొరియలు తవ్వే ఆ జీవి పేరును జార్జి బాస్ అనే నావికుడు 1799లో ఆస్ట్రేలియాలో కనబడ్డ ఒక జంతువుకు తగిలించాడు. రెండింటికీ చుట్టరికం లేదు. అయినా ఇవాళ బయటి ప్రపంచంలో చాలామందికి బాండికూట్ అంటే ఆ ఆస్ట్రేలియా జంతువే గుర్తొస్తుంది. ఆ కథ చాలామంది చెప్పారు కాబట్టి దాన్ని అక్కడితో వదిలేద్దాం. పందికొక్కు విషయంలో పేరు ఒక్కటే ఓడెక్కింది. వూట్జ్ విషయంలో పేరుతో పాటు సరుకూ ఓడెక్కింది, ఆ సరుకు చేసిన విద్య మాత్రం ఇక్కడే మిగిలి, ఇక్కడే అంతరించింది. అందుకే నా మనసు దాని మీదికే పోతుంది.

1790ల్లో బొంబాయిలో హెలెనస్ స్కాట్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఈ దేశపు పనివాళ్ళ చేతుల్లో కొత్త విద్య ఏది కనబడినా దాన్ని గురించి లండన్‌కు ఉత్తరం రాసే మనిషి. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఆయన ఇక్కడి ఉక్కు ముద్దలు కొన్ని పంపాడు. బ్యాంక్స్ వాటిని పరీక్షకు ఇచ్చాడు. జార్జి పియర్సన్ అనే వైద్యుడు, రసాయన శాస్త్రం కూడా తెలిసినవాడు, ఆ ముద్దల మీద రకరకాల పరీక్షలు చేసి 1795లో రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం ప్రకటించాడు. వూట్జ్ అనే మాట ఇంగ్లీషు అచ్చులోకి ఎక్కింది అప్పుడే. బొంబాయిలో తయారై, అక్కడ వూట్జ్ అని పిలవబడే ఒక రకం ఉక్కు గురించి అని వ్యాసం పేరులోనే రాశారు. ఆ ఒక్క పేరులో రెండు తప్పులు దొర్లాయి. ఆ ఉక్కు బొంబాయిలో తయారైంది కాదు, అక్కడ ఓడెక్కింది అంతే. ఇక వూట్జ్ అన్న మాట ఆ తర్వాత ఎంత వెతికినా ఈ దేశపు ఏ భాషలోనూ ఉక్కుకు పేరుగా దొరకలేదు.

లేని మాట నిఘంటువులోకి ఎట్లా ఎక్కింది? ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నవాళ్ళు హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్. ఇంగ్లీషులో కలిసిపోయిన మన మాటలన్నిటినీ ఏరి వాళ్ళు చేసిన పెద్ద నిఘంటువు ‘హాబ్సన్-జాబ్సన్’ 1886లో వెలువడింది. అప్పటికే బర్నెల్ చనిపోయి నాలుగేళ్ళు. వాళ్ళ ఊహ ఏమిటంటే, అసలు కాగితం మీద ఉన్నది ‘వూక్’. అది కన్నడ ‘ఉక్కు’కు ఇంగ్లీషు రాత. ఎవరో గుమాస్తానో, అచ్చు కూర్చేవాడో చివరి ‘కె’ అక్షరాన్ని ‘టి-జెడ్’ అని చదివాడు. ఒక దస్తూరి అర్థం కాకపోవడం వల్ల ఇంగ్లీషుకు కొత్త మాట వచ్చిపడింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుదీ ఇంచుమించు ఇదే అభిప్రాయం.

ఆ కాలపు ఇంగ్లీషు చేతిరాత చూసినవాళ్ళకు ఇది నమ్మశక్యంగానే ఉంటుంది. ‘కె’ అక్షరానికి నిలువుగా ఒక పొడుగు గీత, దాని పక్కన కిందికి జారే ఒక మెలిక. కలం సిరా ఎక్కువ కక్కి ఆ గీత మీద చిన్న అడ్డగీత పడిందంటే అది ‘టి’ అవుతుంది, పక్కన మెలిక ‘జెడ్’ అవుతుంది. మాట తెలిసినవాడైతే సరిగ్గా చదువుకునేవాడు. తెలియనివాడు కంటికి కనబడ్డదే చదువుతాడు.

ఇంకో వాదం కూడా ఉంది. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అని మద్రాసులో మ్యూజియం పెట్టినాయన, భారతదేశం మీద విజ్ఞాన సర్వస్వం రాసినాయన చెప్పాడు. కన్నడ ప్రాంతాల్లో మంచి సరుకును ‘ఉచ్చ’ అనీ, నాసిరకాన్ని ‘నీచ’ అనీ అంటారు, ఎవరో ‘ఇది ఉచ్చ’ అని చూపిస్తే దొరలు దాన్నే ఉక్కు పేరనుకున్నారు అని. వినడానికి బాగుంది. కానీ నాకు మనసొప్పదు. కొలిమి దగ్గరికి పోయి ‘ఇదేంది’ అని చేత్తో చూపించి అడిగితే ఎవరైనా ముందు చెప్పేది వస్తువు పేరు. అది మంచిదా చెడ్డదా అన్న మాట బేరం మొదలయ్యాక వస్తుంది.

పైగా ఉక్కును ‘వూక్’ అని రాయడంలో ఒక విశేషముంది. యూల్, బర్నెల్ దానిమీద ఆగలేదు గానీ, తెలుగు చెవికి అది వెంటనే తెలుస్తుంది. మొదట ఆ ‘డబ్ల్యూ’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉక్కులో వకారం లేదు కదా? మీ నాయనమ్మ మాట గుర్తు తెచ్చుకోండి. ‘వుప్పు తే’, ‘వూరికి పోయిండు’, ‘వుత్తరమొచ్చింది’, ‘వుల్లిగడ్డ కొయ్యి’. మాట మొదట ఉకారం వస్తే మన నాలుక దాని ముందు చిన్న వకారం చేరుస్తుంది. పాత అచ్చు పుస్తకాల్లోనూ ‘వుంది’, ‘వూరు’ అనే రాసేవాళ్ళు, ఇప్పటికీ కొందరు అట్లాగే రాస్తారు. కన్నడంలోనూ ఈ అలవాటుంది. అంటే ఆ మాట కాగితం మీద పెట్టిన మొదటి మనిషి పుస్తకంలో చూసి రాయలేదు. పనివాడి నోటినుంచో, సరుకు అమ్మేవాడి నోటినుంచో ‘వుక్కు’ అని విన్నాడు, విన్నది విన్నట్టు రాశాడు. చెవి తప్పు చేయలేదు. చదివిన కన్ను తప్పు చేసింది. రెండు వందల ఏళ్ళు దాటాక కూడా ఆ ‘డబ్ల్యూ’లో ఒక దక్షిణాది మనిషి ఉచ్చారణ అట్లాగే నిలిచి ఉందన్నమాట.

మరి ఉక్కు అనే మాటకు మూలమేమిటి? తమిళంలో, మలయాళంలో ఉక్కును ‘ఉరుక్కు’ అంటారు. ‘ఉరుకు’ అంటే కరగడం. కరిగించి చేసినది కాబట్టి ఉరుక్కు. మధ్యలో ఉన్న రకారం తెలుగులోకి వచ్చేసరికి జారిపోయి, మిగిలింది గట్టిపడింది. ఇది ఈ ఒక్క మాటకే జరిగింది కాదు. తమిళ ‘ఎరుదు’ మనకు ఎద్దు, వాళ్ళ ‘మరుందు’ మనకు మందు. అదే దారిలో ఉరుక్కు ఉక్కయింది. మాట పుట్టుకలోనే పని రహస్యం ఉంది, చూడండి. మామూలు కొలిమిలో ఇనుము కరగదు. మెత్తబడుతుంది, అంతే. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల వేడి కావాలి. మూసలో పెట్టి, బొగ్గులో ఉండే కార్బన్ దానిలో కలిసేట్టు చేస్తే అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిందా, ఉక్కయినట్టే. దాన్ని కరిగించగలిగినవాళ్ళకే ఆ పేరు పెట్టే హక్కు దక్కింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. నిఘంటువులన్నీ కన్నడ ఉక్కు అంటున్నాయి కదా, మరి మనం మధ్యలో దూరడమెందుకు అని. ఉక్కు కన్నడిగులదీ, మనదీ. దానిమీద పేచీ లేదు. వూట్జ్ అనే మాటకు మూలం వాళ్ళ నోటి ఉక్కో, మన నోటి ఉక్కో తేల్చాల్సిన అవసరం కూడా నాకు కనబడదు. కానీ కన్నడం పేరే నిఘంటువులో ఎందుకు పడిందన్నది ఆలోచించదగ్గది. టిప్పు సుల్తాన్ పడిపోయాక మైసూరు సీమ కంపెనీ చేతి కిందికి వచ్చింది. ఆ వెంటనే 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసు నుంచి మైసూరు మీదుగా తిరిగి, చూసిందంతా రాశాడు. ఆ పుస్తకం 1807లో అచ్చయింది. అందులో ఉక్కు మూసలు, కొలుములు, పనివాళ్ళ కూలీ లెక్కలు అన్నీ ఉన్నాయి. బెంజమిన్ హేన్ అనే ఇంకొకాయన 1814లో పుస్తకం అచ్చేశాడు. నూజివీడు దగ్గర రమణక్కపేట ఇనుప కొలుములను ఆయన చూసి రాశాడు. ఈ ఊళ్ళన్నీ కంపెనీ పాలనలోనో, కంపెనీ కనుసన్నలలోనో ఉన్నవే. ఇక మన తెలంగాణ వైపు సంగతి? అప్పట్లో ఇది నిజాం రాజ్యం. దొరల రాకపోకలు తక్కువ, వాళ్ళ కాగితాలు ఇంకా తక్కువ. ఎవరి ఊరి సంగతి ముందు అచ్చులో పడితే మాట వాళ్ళ పేర రాసుకున్నారన్నది నా అభిప్రాయం.

మన వైపు వచ్చి చూసిన మనిషి ఒకరు దొరికారు. హెన్రీ వెస్లీ వాయ్సీ. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త. హైదరాబాదు రాజ్యంలోని రాళ్ళూ గుట్టలూ మొదటిసారి శాస్త్రీయంగా చూసింది ఆయనే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని దగ్గరుండి గమనించి రాసుకున్నాడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసుకున్నది 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. కోనసముద్రం ఇప్పుడున్నది కమ్మర్‌పల్లి మండలంలో. మండలం పేరు చూడండి!

ఆ పని ఎట్లా జరిగేదో కొంచెం దగ్గరికి పోయి చూద్దాం. మూసకు మన్ను కావాలి, అది ఎంత మంటకైనా తట్టుకోవాలి. ఆ మన్నులో వాళ్ళు వరిపొట్టు కలిపేవాళ్ళు. మనం గోడలు మెత్తడానికీ, ఇటుకలు కాల్చడానికీ వాడే ఊకే. కొలిమి వేడికి పొట్టు మాడి నల్లబడుతుంది, దానిలోని ఇసుక అంశం అస్థిపంజరంలాగా మిగిలి మూసకు బలమిస్తుంది. కోనసముద్రం దిబ్బల్లో దొరికిన మూస పెంకులను థెల్మా లో అనే పరిశోధకురాలు 1980ల్లో సూక్ష్మదర్శిని కింద పెట్టి ఈ సంగతి తేల్చింది. పెంకు విరిచి చూస్తే లోపలంతా నల్లగా, వరిగింజ పొట్టు అచ్చులతో నిండి ఉంటుంది. ఆ మూసలో ఇనుప ముక్కలు పెడతారు. రెండు వేరు వేరు ఊళ్ళనుంచి వచ్చిన ఇనుమును ఒక లెక్క ప్రకారం కలిపేవాళ్ళని వాయ్సీ రాశాడు. మూతకు మన్ను మెత్తి గాలి చొరకుండా బిగిస్తారు. మూసల్ని కొలిమిలో పేర్చి, కట్టెబొగ్గు కప్పి, తోలుతిత్తులతో ఒకరి తర్వాత ఒకరు ఊదుతారు. ఒక పగలూ ఒక రాత్రీ ఊదుడే. తర్వాత కొలిమిని నెమ్మదిగా చల్లారనిస్తారు. తొందరపడి మూస పగలగొడితే పని చెడుతుంది. లోపల దొరికేది గుండ్రటి ఉక్కు ముద్ద. దాన్ని మళ్ళీ మన్నుపూత పెట్టి కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చి, సుత్తె దెబ్బకు లొంగేదాకా మెత్తబరిచేవాళ్ళు.

వాయ్సీ వెళ్ళినప్పుడు అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి ఉన్నాడు. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం! ఉక్కు కొనడానికి అంతదూరం నుంచి వచ్చి, ఊళ్ళోనే ఉండి, పని జరుగుతుంటే చూసుకునేవాడు. ఎందుకంటే పారశీక ఖడ్గాలకు కావలసిన ఉక్కు ఇదే. కత్తి ఒరలోంచి తీస్తే అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు కనబడతాయి, ఆ గీతల్ని ‘జౌహర్’ అంటారు. యూరప్ వాళ్ళు ఆ కత్తుల్ని డమాస్కస్ కత్తులన్నారు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే 17వ శతాబ్దంలోనే గోల్కొండ వైపు నుంచి పోయే ఉక్కును గురించి రాశాడు. ఆయన వజ్రాల మాట మనకు కంఠతా వచ్చు, ఉక్కు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్తే ఆయుధాల గది దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడండి. అలుగును ఏటవాలుగా వెలుతురుకు చూస్తే ఆ అలలు కనబడతాయి.

మళ్ళీ లండన్‌కు పోదాం. పియర్సన్ వ్యాసం తర్వాత అక్కడ వూట్జ్ కోసం ఆరాటం పెరిగింది. స్కాట్లండ్ ఇనుప పనిలో ఆరితేరిన డేవిడ్ మషెట్ 1805లో తన పరీక్షలు ప్రకటించాడు. జేమ్స్ స్టోడార్ట్ అని శస్త్రచికిత్స కత్తులు, మంగలి కత్తులు చేసే పేరున్న పనివాడు, తన దుకాణం కార్డు మీద వూట్జ్ పేరు అచ్చేయించుకున్నాడు, యూరప్ ఉక్కుకంటే ఇదే మేలని. ఆ స్టోడార్ట్‌తో జత కలిసినవాడు మైకేల్ ఫారడే. విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టిన ఫారడే అని మనం బడిలో చదువుకున్న ఆయనే. వాళ్ళ నాన్న కమ్మరి. కమ్మరి కొడుకు మన కమ్మరుల ఉక్కు ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. 1819లో వూట్జ్ మీద ఆయన మొదటి వ్యాసం వచ్చింది. తర్వాత 1820లో, 1822లో స్టోడార్ట్‌తో కలిసి, ఉక్కులో వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూసిన ప్రయోగాలు ప్రకటించాడు. ఆయన అనుకున్న కారణం తప్పు. వూట్జ్ గొప్పతనం దానిలోని అల్యూమినాలో ఉందనుకున్నాడు, ఉన్నది కార్బన్‌లో. కానీ ఆ తప్పుదారిలో వెతుకుతూనే మిశ్రమ ఉక్కుల పరిశోధనకు దారి వేశాడు. ఇవాళ మన వంటింట్లో గిన్నె దగ్గర్నుంచి రైలు చక్రం దాకా వచ్చిన ఆ విద్య మొదటి పాఠాల్లో ఒకటి మన మూసలో ఉడికింది.

ఆ ఉక్కు ఇంగ్లండు సుత్తెలకు లొంగలేదు. అక్కడి కమ్మరులు అలవాటు ప్రకారం బాగా ఎర్రగా, తెల్లగా కాల్చి కొడితే ముక్కలై రాలేది. కార్బన్ వంద పాళ్ళకు ఒకటి నుంచి రెండు దాకా ఉండే ఉక్కు అది. దాన్ని తక్కువ వేడిలో, ఓపికగా కొట్టాలి. ఆ సంగతి ఇక్కడి చేతులకూ, పారశీక చేతులకూ తెలుసు. ఇటీవలి కాలంలో అమెరికాలో వర్హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కత్తులు చేసే పనివాడు కలిసి ఏళ్ళ తరబడి శ్రమించి, అలల గీతలకు కారణం ఖనిజంలో ఇసుమంత ఉండే వెనేడియం లాంటి లోహాలని 1998లో చూపారు. 2006లో జర్మనీ డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ఒక పాత డమాస్కస్ ఖడ్గంలో కార్బన్ నానో గొట్టాలు కనబడ్డాయని రాశారు. చేసినవాళ్ళకు ఈ పేర్లేవీ తెలియవు. ఏ గుట్ట రాయి ఏ పనికొస్తుందో తెలుసు.

ఆ తెలివి ఎట్లాంటిదో మహబూబాబాద్ దగ్గర ఒక పల్లెలో కొలిమి ముందు కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. వరికోతల ముందు రోజులు. కొడవళ్ళకు కక్కు కొట్టించుకోవడానికి ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. కమ్మరి తాత పాత లారీ కమాను పట్టా ముక్కను కాల్చి సాగదీస్తున్నాడు. ఇప్పుడు మన కొలిమికి ఉక్కు వచ్చేది లారీ కింద నుంచే. పక్కన రెండు ముక్కలు పడి ఉన్నాయి, రెండూ తుప్పుపట్టి ఒక్కతీరుగానే ఉన్నాయి.

“తాతా, చూస్తెనే చెప్తవా, ఏది ఇనుము ఏది ఉక్కు అని?” అన్నాను.

“చూస్తె ఎట్ల తెలుస్తది సారూ. సాన మీద పెట్టాలె” అన్నాడు. మనవణ్ణి సాన తిప్పమన్నాడు. ఒక ముక్క ఆనించాడు. నిప్పురవ్వలు పొడుగ్గా, గీతలు గీతలుగా పోయాయి. రెండోది ఆనించాడు. ఒక్కొక్క రవ్వ కొంచెం దూరం పోయి చివర చిటపటమని పువ్వులా విచ్చుకుంది. “గిది ఉక్కు. రవ్వ పలుగుతది. ఇనుము రవ్వ పలుగది, ఉత్తగ ఉరుకుతది” అన్నాడు.

ఆ పలగడానికి కారణం కార్బనే. నిప్పురవ్వ గాలిలో మండుతుంటే దానిలోని కార్బన్ వాయువై రవ్వను చీలుస్తుంది. లోహశాస్త్రం పుస్తకాల్లోనూ ఈ పరీక్ష ఉంది. పియర్సన్, మషెట్, ఫారడే వ్యాసాల మీద వ్యాసాలు రాసి వెతికిన తేడాను తాత ఒక్క నిప్పురవ్వతో చెప్పగలడు. వాళ్ళ పనీ నాకు గొప్పదే, ఈయన పనీ గొప్పదే. కానీ ఈ కథలో మనకు గుర్తున్న పేర్లు లెక్కేయండి. పంపినవాడి పేరుంది, పరీక్షించినవాళ్ళ పేర్లున్నాయి, కొన్నవాడి పేరు, చూసి రాసినవాడి పేరు కూడా ఉన్నాయి. మూస కట్టినవాడి పేరు లేదు, తిత్తి ఊదినవాడి పేరు లేదు. నాకు బాధ కలిగించేది ఇదే. ‘టి-జెడ్’ తప్పును వంద మంది పండితులు సరిదిద్దారు, ఈ లోటును ఎవరూ తీర్చలేరు.

తాత కొలిమి ఉన్న నేల సంగతీ చూద్దాం. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మూడు జిల్లాలుగా ఉన్న ఈ నేలలో చాలా భాగం 2016 అక్టోబరు దాకా పాత వరంగల్ జిల్లాదే. జనగామ వైపు స్టేషన్ ఘన్‌పూర్ దాటి ధర్మసాగర్ దిక్కు పోతే, హన్మకొండ జిల్లాలో ఇనుపరాతి గట్లు వస్తాయి. పేరు పెట్టినవాళ్ళకు ఆ రాయి ఏమిటో తెలియకుండా ఆ పేరు పెట్టరు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మల ఇత్తడి పని ఇవాళ్టికీ బతికే ఉంది, ఎందుకంటే దానికి గుళ్ళూ, ఇళ్ళూ గిరాకీ ఇస్తూ వచ్చాయి. ఉక్కు మూసకు ఆ అదృష్టం లేకపోయింది. కత్తులు కొనే రాజులు పోయారు, పారశీక బేరం తగ్గింది, సీమ నుంచి మిల్లు ఇనుము చవగ్గా వచ్చి పడింది. కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు అని సామెత చెప్పుకుంటాం కదా, ఆ అమ్మకం నిజంగానే జరిగింది, కమ్మరి వీధే ఓడిపోయింది.

కట్టెబొగ్గు సంగతి కూడా ఉంది. ఒక్క మూస ఉక్కుకు ఎంత అడవి కావాలో ఊహించండి. ఇంగ్లండులో 1709లోనే ఏబ్రహాం డార్బీ కట్టెబొగ్గు వదిలి, రాక్షసిబొగ్గును కాల్చి చేసిన కోకుతో ఇనుము తీశాడు. వాళ్ళ అడవులు తరిగిపోయాయి, నేలలో బొగ్గుంది. మన భూపాలపల్లి నేల కిందా బొగ్గుంది. ఇవాళ అక్కడ సింగరేణి గనులున్నాయి, వాటికి కాకతీయ ఖని అని పేరు. కానీ పాత కమ్మరి ఉన్న రోజుల్లో ఆ బొగ్గు నేలలోనే ఉంది, పైనున్న అడవితోనే ఆయన పని. ఖనిజం, అడవి, బొగ్గు మూడూ ఒక్కచోటే ఉన్న సీమ ఇది. వాటిని కలిపే కాలం వచ్చేసరికి విద్య చేతులు దాటిపోయింది.

ఇక బయ్యారం. కాకతి గణపతిదేవుని సోదరి మైలమాంబ శాసనం ఉన్నది ఈ ఊరి చెరువు దగ్గరే. కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు చెప్పిన శాసనాల్లో అది ముఖ్యమైనది. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టగలమా అని ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. బయ్యారం అప్పుడు ఖమ్మంలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంది. పరిశీలన జరిగింది, ఖనిజంలో సత్తువ చాలదు, గిట్టుబాటు కాదు అన్న జవాబు వచ్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని నినదించిన మాట, మన వైపు ‘బయ్యారం ఉక్కు – తెలంగాణ హక్కు’ అయి గోడలెక్కింది. ఆ గోడల మీద చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఇంగ్లీషు నిఘంటువులో వంకరపోయిన ఆ మాట ఇక్కడ సున్నం మీద ఎర్రరంగుతో ఎంత నిక్కచ్చిగా ఉందో! కర్మాగారం గిట్టుబాటు అవుతుందా కాదా అన్నది లెక్కల వ్యవహారం, నిపుణులు తేల్చనీ. ఈ గడ్డ మీద ఉక్కు అడగడం మాత్రం కొత్త కోరిక కాదు, పాత వృత్తిని తిరిగి అడగడం.

2010లో బెంగళూరు నియాస్ సంస్థ, ఇంగ్లండు ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి పాత ఇనుప కొలుములు, చిట్టెపు (ఇనుము తీయగా మిగిలే మడ్డి) దిబ్బలు, మూస పెంకులు ఉన్న చోట్లు నమోదు చేశారు. గిలియన్ జుల్లెఫ్, శారదా శ్రీనివాసన్, మన ప్రాంతం నుంచి ఎస్. జైకిషన్ ఆ పనిలో ఉన్నారు. వాళ్ళు తిరిగిన ఊళ్ళు ఉన్నాయి, తిరగాల్సినవీ ఉన్నాయి. గార్ల, గూడూరు, మహాముత్తారం వైపు చేలగట్ల మీద నడిచేటప్పుడు కాలికి నల్లటి రాయి తగిలితే వంగి ఒకసారి చూడండి. చిట్టెం అయితే బెజ్జాలు బెజ్జాలుగా ఉంటుంది, ఒకవైపు పాకం కారి గడ్డకట్టినట్టు నున్నగా ఉంటుంది. మూస పెంకు అయితే విరిగినచోట నల్లగా, వరిపొట్టు ఆనవాళ్ళతో కనబడుతుంది, బయట గాజులా మెరిసే పూత ఉంటుంది. ఇంటికి తెచ్చుకోకండి, ఎక్కడిది అక్కడే ఉంచండి. దాన్ని చోటు నుంచి తీస్తే సగం సమాచారం పోతుంది. ఫోటో తీసి, ఊళ్ళో ఉన్న పెద్ద కమ్మరి దగ్గరికి పోయి ఆ దిబ్బను ఏమని పిలుస్తారో, వాళ్ళ తాతలు ఏమని పిలిచేవాళ్ళో, ఆ తాతల పేర్లేమిటో అడిగి రాసుకోండి. పేర్లు ముఖ్యం. ముందు పేర్లు రాయండి.